కొత్త బండి ఎడమవైపు కొద్దిగా ఒరిగి నిలుస్తోంది: సహజమేనా, లోపమా?

పెరుంగుడివాసి:

అందరికీ నమస్కారం. సుమారు ఐదు వారాల కిందట చెన్నైలో ఒక చిన్న ఎస్‌యూవీ, పెట్రోలు రకం, కొత్తది కొన్నాను. ఇప్పటివరకు 940 కిలోమీటర్లు తిరిగింది. అందులో మూడోవంతుకు పైగా నెల్లూరు వెళ్లి వచ్చిన ప్రయాణమే. నడపడంలో ఏ ఇబ్బందీ తెలియలేదు. అయితే పోయిన ఆదివారం నేను బండి తుడుస్తుండగా మా మామగారు వెనక నిలబడి చూసి, "బండి ఎడమ భుజం దించుకుని నిలబడ్డట్టుంది, గమనించారా?" అని అడిగారు. అప్పటిదాకా కనిపించనిది ఆ క్షణం నుంచి పంటి కింద రాయిలా తయారైంది.

అపార్టుమెంటు బేస్‌మెంటులో ఖాళీ బండిని నిలిపి, నేల నుంచి చక్రం మధ్యగా మడ్‌గార్డు అంచు వరకు టేపు పట్టి కొలిచాను. ముందు కుడివైపు 702 మిల్లీమీటర్లు, ముందు ఎడమవైపు 690, వెనక కుడివైపు 715, వెనక ఎడమవైపు 697 వచ్చాయి. అంటే ముందు 12, వెనక 18 మిల్లీమీటర్ల తేడా ఉంది. మూడుసార్లు కొలిచినా ఒకటి రెండు మిల్లీమీటర్లు తప్ప మారలేదు.

షోరూముకు తీసుకెళితే సర్వీసు అడ్వైజరు గారు వీల్ అలైన్‌మెంటు యంత్రం మీద ఎక్కించి, అన్ని గళ్లూ పచ్చగా ఉన్న కాగితం ఒకటి చేతికిచ్చారు. ఈ మోడలు బండ్లన్నీ ఇంతేనని, డ్రైవరు కుడివైపు కూర్చోగానే సమానమవుతుందని చెప్పారు. నేను పట్టు వదలకపోయేసరికి, ఎడమవైపు రెండు స్ప్రింగుల చుట్ల మధ్య రబ్బరు బఫర్లు ఇరికిస్తే సరిపోతుందని, దానికి 1,800 రూపాయలు అవుతుందని అంచనా కాగితం రాశారు. కొత్త బండికి, అదీ వారంటీలో ఉన్నదానికి, నేను డబ్బు కట్టి మరమ్మతు చేయించుకోవడమేమిటో నాకు అర్థం కాలేదు. ఇంత తేడా సహజమేనా, దీనివల్ల టైర్లకు గాని సస్పెన్షన్‌కు గాని చేటు ఉందా, ఆ రబ్బరు వేయించుకోవచ్చా అన్నది తెలిసినవారు చెప్పగలరు. వచ్చే వారం మొదటి ఉచిత సర్వీసు ఉంది.

రసమట్టం:

నేను ముప్పై ఏళ్లు కట్టడాల పనిలో గడిపినవాణ్ణి, బండ్ల లోపలి సంగతులు అంతగా తెలియవు. కాని మీరు బేస్‌మెంటు అన్నారు కాబట్టి ఒక మాట చెప్పాలనిపించింది. బేస్‌మెంటు నేలను ఎవరూ సమంగా వేయరు. నీళ్లు సంపు వైపు పోవడానికి నూటికి ఒకటి చొప్పున అయినా వాలు ఇస్తారు. మా అపార్టుమెంటులో 2023 డిసెంబరు మిగ్‌జాం తుపాను నీళ్లు తోడించాక ఆ వాలును ఇంకా పెంచి వేయించాం. కుడి చక్రానికీ ఎడమ చక్రానికీ మధ్య సుమారు ఒకటిన్నర మీటరు దూరం ఉంటుంది గనుక నూటికి ఒకటి వాలు అంటేనే 15 మిల్లీమీటర్లు. మీరు చెబుతున్న తేడాల సగటు సరిగ్గా అంతే! రోడ్డు మీద చూసినా అదే తంతు: తారు రోడ్డుకు మధ్య నుంచి అంచుకు 2 శాతం దాకా వాలు ఉంటుంది, మనం ఎడమ అంచున నిలుపుతాం, బండి ఎడమకే వాలి కనిపిస్తుంది.

చిన్న రసమట్టం పెట్టి చూస్తే చాలదు, అది ఒక్కచోటి సంగతే చెబుతుంది. మేస్త్రీలు వాడే సన్నని పారదర్శకపు గొట్టంలో గాలిబుడగ లేకుండా నీళ్లు నింపండి. టైర్లు ఆనే నాలుగు చోట్లా సుద్దతో గుర్తు పెట్టి, బండి తీసేసి, ఆ నాలుగు గుర్తుల మట్టం చూడండి. అంత ఓపిక లేకపోతే బండిని ముందు వెనకలుగా తిప్పి అవే గుర్తుల మీద మళ్లీ నిలపండి. ఇప్పుడు బండి కుడివైపుకు ఒరిగితే తప్పు నేలది. అప్పుడూ తన ఎడమవైపుకే ఒరిగితే తప్పు బండిది.

ఒరగడం షిఫ్టు:

చెన్నై దగ్గరి ఒరగడం పారిశ్రామిక వాడలో బండ్ల సస్పెన్షన్ భాగాల పనిలో ఉన్నాను. మీ బండి కంపెనీతో నాకు సంబంధం లేదు. ముందు నేల చూడమని రసమట్టం గారు చెప్పడం సరైనదే, బండిని తిప్పి చూడమన్నది ఇంకా మంచి ఉపాయం. ఆయన లెక్కలో మాత్రం ఒకటి సవరించాలి. నేల పక్కకు వాలి ఉంటే బండి మొత్తం నేలతో పాటే వాలుతుంది, కంటికి 15 మిల్లీమీటర్లు వాలినట్టే కనిపిస్తుంది. కాని మీరు ఏ చక్రం కింది నేల నుంచి ఆ చక్రం మీది మడ్‌గార్డుకే టేపు పట్టారు కదా, ఆ వాలు టేపులోకి నేరుగా రాదు. బరువు పల్లం వైపు కాస్త మళ్లి, ఆ వైపు స్ప్రింగులు అదనంగా ఎంత కుంగాయో అంత మాత్రమే వస్తుంది. ఇలాంటి బండికి నూటికి ఒకటి వాలు మీద అది సుమారు రెండు మిల్లీమీటర్లు, అంతకు మించదు.

టేపును నిజంగా మోసగించేది వాలు కాదు, మెలిక. అంటే నాలుగు చక్రాల కింది నేల ఒకే తలంలో లేకపోవడం. ఒక కాలు పొట్టిగా ఉన్న పీట మీద కూర్చుంటే అది ఎలా మూల నుంచి మూలకు ఊగుతుందో తెలిసిందే. బండికి స్ప్రింగులు ఉన్నాయి కనుక ఊగదు, ఆ లోటును నాలుగు స్ప్రింగులూ పంచుకుంటాయి. ఒక చక్రం కింద మెరక ఉంటే ఆ మూల స్ప్రింగూ, దానికి ఎదురు మూలది కూడా కుంగుతాయి, మిగిలిన రెండూ సాగుతాయి. అందువల్ల మెలిక ఉన్న చోట ముందు తేడా ఒక దిక్కుకు, వెనక తేడా దానికి ఎదురు దిక్కుకు జరుగుతుంది.

ఇప్పుడు మీ అంకెలు చూడండి. బాడీ గట్టి ఉక్కుపెట్టె. ముందు 12, వెనక 18 చొప్పున ఒరగడానికి అదేమీ తడిసిన అట్టపెట్టె కాదు. అసలు ఒరుగు ఆ రెండింటి సగటు, అంటే 15కు దగ్గరగా ఉండాలి. అటు ఇటు మిగిలిన 3 చాలావరకు నేల మెలికదే అనుకుంటున్నాను. ఎడమ వెనక చక్రం ఏదైనా మెరక మీదో, మూత మీదో ఆగిందేమో చూడండి. నాలుగు టైర్ల గాలి కూడా చల్లగా ఉన్నప్పుడు చూడండి. గాలి 5 పీఎస్ఐ తగ్గితే చక్రం దాదాపు రెండు మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది.

నేల నుంచి కొలవడం ఇక మానేయండి. చక్రం మధ్యలో ఉండే హబ్బు నడిమి నుంచి నిట్టనిలువుగా మడ్‌గార్డు అంచుకు కొలవండి. అప్పుడు టైరు గాలి, టైరు అరుగుదల లెక్కలోకి రావు, స్ప్రింగు మీద బాడీ ఎంత ఎత్తున నిలిచిందో అదొక్కటే వస్తుంది. డిక్కీ ఖాళీగా, ట్యాంకు సగం, స్టీరింగు తిన్నగా ఉండాలి, లోపల ఎవరూ ఉండకూడదు. జాకీ మీద నుంచి దించిన వెంటనే కొలవకండి. చక్రాలు లోపలికి ముడుచుకుని ఉంటాయి గనుక బండిని పది మీటర్లు ముందుకు వెనక్కు నడిపి, నాలుగు మూలలా రెండు మూడుసార్లు అదిమి వదిలి, అప్పుడు టేపు తీయండి. అలైన్‌మెంటు ర్యాంపు సమమట్టంగా బిగించి ఉంటుంది, దాని మీద కొలవడమే అన్నిటికన్నా మేలు. మీ చేతికిచ్చిన పచ్చ కాగితం చక్రాల కోణాల సంగతి చెబుతుందే తప్ప బాడీ ఎత్తు గురించి ఏమీ చెప్పదు.

ఎంత తేడా సహజం అంటారా? చాలా బండ్ల సర్వీసు మాన్యువళ్లు పక్కల మధ్య 10 నుంచి 15 మిల్లీమీటర్ల వరకు ఒప్పుకుంటాయి. మీ బండి మాన్యువల్లో ఉన్న అంకెను అడ్వైజరు నోటి మాటగా కాకుండా కాగితం మీద చూపమనండి. డ్రైవరు మాటలో కొంత నిజం ఉంది. 75 కిలోల మనిషి కుడి సీట్లో కూర్చుంటే ఇలాంటి బండి ఆరేడు మిల్లీమీటర్లు కుడికి దిగుతుంది. అయితే కావాలని అంతగా ఎడమకు వంచి బండి తయారు చేయరు. స్ప్రింగులలో నూటికి మూడు నాలుగు పాళ్ల తేడా సహజంగానే వస్తుంది, దానికే నాలుగైదు మిల్లీమీటర్లు పోతాయి. అందుకనే బరువు పరీక్షించి స్ప్రింగుల మీద రంగు చుక్కలు పెట్టి, ఒకే రంగువి ఒక జతగా బిగిస్తారు. మీ బండి కిందికి టార్చి వేసి చూస్తే ఆ చుక్కలు కనిపించవచ్చు. కుడి ఎడమలకు వేర్వేరు రంగులుంటే వెంటనే ఎందుకని అడగండి.

అసలు లోపాలుగా నేను ఎక్కువగా అనుమానించేవి రెండు. మొదటిది బుష్, అంటే సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు తొడుగు. చక్రాన్ని బాడీకి కలిపే కింది చేయి (లోయరు ఆర్ము) బోల్టులను, వెనక అడ్డ ఇరుసు బోల్టులను బండి బరువు చక్రాల మీద ఉండగా బిగించాలి. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ స్థితిలోనే పట్టుకుంటుంది, బండిని కిందికి దించాక మెలిపడి ఆ మూలను పైకి తోస్తూ ఉంటుంది. రెండోది స్ప్రింగు కొన. స్ప్రింగు కూర్చునే కింది సీటులో దాని కొన ఆనుకోవడానికి చిన్న గుంట, చివర ఒక గట్టు ఉంటాయి. కొన గట్టుకు ఆనకుండా దాని మీదికెక్కి కూర్చుంటే ఆ మూల లేస్తుంది.

ఈ రెండిటిలోనూ మూల లేస్తుందే గాని దిగదు. అందరూ ఎడమవైపు తగ్గిందని ఎడమ స్ప్రింగులే చూస్తారు. మీరు కుడివైపు కూడా చూడమనండి. పైగా ఒక మూల 15 మిల్లీమీటర్లు లేచినా ఆ ఎత్తును నాలుగు స్ప్రింగులూ పంచుకుంటాయి గనుక, పక్కల తేడాగా కనిపించేది అందులో మూడోవంతో సగమో మాత్రమే. తేడా ముందూ వెనకా సమానంగా కనిపించినంత మాత్రాన తప్పు రెండు చోట్లా ఉండనక్కర్లేదు.

పెరుంగుడివాసి:

ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. ఇప్పుడే కిందికి వెళ్లి చూశాను. ఎడమ వెనక చక్రం సంపు మీది ఇనుప మూత అంచు మీద ఉంది! ఆ టైరులోనే గాలి 27 ఉంది, తక్కిన మూడింటిలో 33. ఈ రెండూ చూసుకోకుండా మూడుసార్లు కొలిచి మురిసిపోయాను.

పుదుపేట పాతకాపు:

రబ్బరు సంగతి ఎవరూ రాయలేదు గనుక నేను రాస్తున్నాను. స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు ఇరికిస్తే అది బండిని పైకెత్తడంతో ఆగదు. ఆ ఒకటి రెండు చుట్లు కదలకుండా చేసి ఆ స్ప్రింగును గట్టిపరుస్తుంది. అప్పుడు ఎడమవైపు గట్టి, కుడివైపు మెత్తన అవుతుంది, గుంతలో పడ్డప్పుడు రెండు పక్కలూ రెండు రకాలుగా స్పందిస్తాయి. పాత బండికి, బరువు మోసి కుంగిపోయినదానికి, స్ప్రింగులు మార్చే స్తోమత లేక వేయించుకుంటారు. పుదుపేటలో అలాంటివి చాలా చూశాను, కాదనను. వెయ్యి కిలోమీటర్లు తిరగని బండికి అది చేయడమంటే ఎలుకకు భయపడి ఇల్లు తగలబెట్టుకున్నట్టే. రేపు షాక్ అబ్జార్బర్ పాడైతే, బయటి వస్తువు పెట్టారు కాబట్టి వారంటీ వర్తించదని వాళ్లే అనగలరు.

లారీలకు కమాన్ కట్టలో (ఉక్కు పట్టీలు పేర్చిన స్ప్రింగులో) ఒక పట్టీ అదనంగా వేసి పక్కల ఎత్తు సరిచేయడం పాత పద్ధతి. ఫుట్‌బోర్డు మీద జనం వేలాడగా మౌంట్ రోడ్డులో ఎడమకు ఒరిగి పోయే సిటీ బస్సులను చూసి పెరిగినవాళ్లం మేము, వాటికి ఎడమ కట్టలే ముందు కుంగేవి. కాని కమాన్ కట్ట వేరు, కారు స్ప్రింగు వేరు.

బ్రాడ్‌వే వకీలు:

సాంకేతిక విషయం పెద్దలు చెప్పారు, నేను కాగితాల సంగతి మాత్రం చెబుతాను. మీరు ఇప్పటికి షోరూముకు వెళ్లి వచ్చినా, ఫిర్యాదు జాబ్ కార్డు (సర్వీసు పని రాసుకునే కాగితం) మీదికి ఎక్కిందా? ఎక్కకపోతే కాగితం లెక్కలో మీరు వెళ్లనట్టే. మొదటి సర్వీసుకు ఇచ్చేటప్పుడు నాలుగు కొలతలను అంకెలతో సహా, "పక్కల ఎత్తులో తేడా" అన్న మాటతో రాయించి, దాని ఫొటో తీసుకోండి. అదే రోజు అదే మాటలతో షోరూముకూ, కంపెనీ కస్టమర్ కేర్‌కూ ఈమెయిలు పంపి, కంపెనీ తరఫు సర్వీసు ఇంజినీరు వచ్చి చూడాలని కోరండి. వాళ్లు రబ్బరు వేయమన్న అంచనా కాగితాన్ని పారేయకండి. ఏ తేడా లేకపోతే 1,800 రూపాయల మరమ్మతు ఎందుకు సూచించారన్న ప్రశ్నకు అదే ఆధారం.

అక్కడ కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేయవచ్చు. ఆ తర్వాతి మెట్టు వినియోగదారుల రక్షణ చట్టం, 2019. చెల్లించిన ధర 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, అదీ మీరు నివసించే చోటే. ధర 10 నుంచి 20 లక్షల మధ్య ఉంటే రుసుము 400 రూపాయలు, ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. అయితే నిక్కచ్చిగా ఒక మాట: 15 మిల్లీమీటర్ల కోసం బండి మార్చి ఇవ్వమంటే నిలవదు. లోపాన్ని నిపుణుడి నివేదికతో నిరూపించాలి, ఆ భారం మీ మీదే ఉంటుంది. సరిచేయించుకోవడం వరకే అడగండి, అది దొరుకుతుంది. మొదటి ఉత్తరంలోనే కోర్టు పేరెత్తితే మెకానిక్కు చేతిలోని పని లీగల్ విభాగం చేతికి పోతుంది, ఆరు నెలలు అటే పోతాయి.

ఒరగడం షిఫ్టు:

సర్వీసు రోజున ఏ వరసలో చూడమని అడగాలో కూడా రాస్తాను, లేకపోతే ముందే స్ప్రింగులు తెప్పిస్తామని నెల రోజులు తిప్పుతారు. మొదట నాలుగు స్ప్రింగుల కొనలూ, వాటి కింద ఉండే రబ్బరు పళ్లేలూ చూడాలి. దానికి బండిని పైకెత్తడం తప్ప మరేమీ విప్పనక్కర్లేదు. అవి బాగుంటే బండి చక్రాల మీద నిలిచి ఉండగా బుష్ బోల్టులు వదులు చేసి, మూలలు అదిమి, నిర్దేశించిన టార్కుకు (బిగింపు బలానికి) మళ్లీ బిగించి కొలవాలి. అప్పటికీ తేడా ఉంటే వెనక స్ప్రింగులు కుడి ఎడమలు మార్చి బిగించి చూడాలి. ఒరుగు పక్క మారితే స్ప్రింగుదే తప్పు, అప్పుడు జత మార్చమని ధైర్యంగా అడగవచ్చు.

పెరుంగుడివాసి:

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. నాలుగు టైర్లకూ గాలి సమం చేయించి, వేలచేరి దగ్గర ఒక అలైన్‌మెంటు దుకాణంలో 200 రూపాయలిచ్చి ర్యాంపు మీద హబ్బు నుంచి కొలిపించాను. ముందు కుడివైపు 381, ఎడమవైపు 370. వెనక కుడివైపు 393, ఎడమవైపు 382. ముందూ వెనకా తేడా 11 చొప్పున, సమానంగా వచ్చింది! బండిని తిప్పి నిలిపి కొలిచినా ఒక మిల్లీమీటరే మారింది, ఒరిగే పక్క మారలేదు. అంటే నా 15లో నాలుగు నేలదీ గాలిదీ, తక్కిన 11 బండిదే.

ఆ అంకెలు జాబ్ కార్డు మీద రాయించేసరికి కౌంటరు దగ్గర మాట తీరే మారింది. నాలుగో రోజున కంపెనీ ఇంజినీరు వచ్చారు. లిఫ్టు కింద నన్ను కూడా నిలబడనిచ్చారు. ఎడమవైపు రెండూ సరిగ్గానే ఉన్నాయి. కుడి వెనక స్ప్రింగు దగ్గర టార్చి పట్టి, కింది కొన గట్టు మీదికెక్కి ఉండటం ఆయనే చూపించారు. కొన గుంటలో లేదు, బొటనవేలంత దూరం దాటిపోయింది. కింద ఉండాల్సిన రబ్బరు పళ్లెం ఒక పక్క నలిగి, అంచు బయటికి పొడుచుకువచ్చింది. పైన తేలికగా దుమ్ము పట్టింది తప్ప గీత గాని, దెబ్బ గాని లేదు కాబట్టి, మొదటి నుంచీ అలాగే ఉందని ఆయన ఒప్పుకున్నారు. కొత్త పళ్లెం తెప్పించి స్ప్రింగును తిప్పి కూర్చోబెట్టాక తేడా 11 నుంచి 6కు దిగింది. తర్వాత బండిని చక్రాల మీద నిలిపి వెనక ఇరుసు బుష్‌లు వదులు చేసి బిగిస్తే 4 అయింది. స్ప్రింగులు అటు ఇటు మార్చి చూడమని నేను అడగలేదు. వాళ్ల మాన్యువల్లో హద్దు 10 అని చూపించారు, 4తో నాకు పేచీ లేదు.

పనికి డబ్బు తీసుకోలేదు. జాబ్ కార్డు మీద "కుడి వెనక స్ప్రింగు సీటింగు సరిచేయబడినది, పళ్లెం వారంటీలో మార్చబడినది" అని రాసి ముద్ర వేశారు. కొన గట్టు మీద ఆనిన చోట స్ప్రింగు పెయింటు గోరంత మేర లేచిపోయింది. అక్కడ తుప్పు పట్టకుండా రంగు పూయమని అడిగితే పూశారు, దాని గురించి కూడా ఒక వాక్యం రాయించాను. 10,000 కిలోమీటర్ల సర్వీసుకు ముందు అదే ర్యాంపు మీద మళ్లీ కొలిపిస్తాను. ఎడమ స్ప్రింగులకు రబ్బరు వేయాలన్న 1,800 రూపాయల అంచనా కాగితం ఇంకా డ్యాష్‌బోర్డు అరలోనే ఉంది.